పాత ర్యాము - క్రొత్త మదర్‌బోర్డు



మా గ్రామ గ్రంథాలయమున 2012లో చందాలు ప్రోగుచేసి కొనిన కంప్యూటరొకటి కలదు. పిల్లల దరఖాస్తులన్నియు దానినుండియే పోవుచుండెను. 2021లో దాని మదర్‌బోర్డు చెడిపోయెను. కార్యదర్శిని నేనే గనుక పట్టణమునకు పోయి క్రొత్త బోర్డును, దానికి తగిన ప్రాసెసరును కొంటిని. ర్యాము మాత్రము పాతదే చాలునని తలచితిని. నాలుగేసి జీబీల పలకలు రెండు చక్కగా నుండగా మరల కొనుట దుబారా గదా యని నా యూహ.

తిరిగివచ్చి చూడగా పాత పలక క్రొత్త స్లాటులో దిగలేదు. బలముగా నొక్కబోయితిని. ప్రక్కనున్న నా మనుమడు నా చేయి పట్టుకొని, "తాతయ్యా, ఆగండి! గంట్లు కలియుట లేదు" అనెను. పాతది డి.డి.ఆర్. 3, బోర్డు కోరునది డి.డి.ఆర్. 4. దుకాణమువారు విప్పిన సరకును తిరిగి తీసికొనరైరి. నిధిలో సొమ్ము లేదు. మూడు వారములు పిల్లలు దరఖాస్తులకై పట్టణమునకు నడచిరి. సభలో నా తప్పు నొప్పుకొని, లోటును నేనే పూరించితిని.

డిస్కు పుస్తకముల బీరువా వంటిది. ర్యాము పుస్తకము తెరచి చదువుకొను బల్ల వంటిది. ఈ ర్యామునకు తరములు కలవు. జెడెక్ అను సంస్థ డి.డి.ఆర్. 3 ప్రమాణమును 2007లోను, 4ను 2012లోను, 5ను 2020లోను ప్రకటించినది. మూడవదానికి 1.5 వోల్టులు, నాల్గవదానికి 1.2, అయిదవదానికి 1.1 వోల్టులు కావలెను. డెస్కుటాపు పలకకు మూడవ తరమున 240 కాళ్లు, తరువాతి రెండింటను 288. కాళ్ల సంఖ్య యొకటియైనను గంటు స్థానము వేరు. తప్పు పలక దిగకుండుటకే ఆ గంటు. దిగనిదానిని నొక్కిన స్లాటు విరుగును.

కావున సొమ్ము చెల్లింపక మునుపే పాత పలకమీది చీటీ చదువుడు. "పి.సి. 3" అని యున్న మూడవ తరము, "పి.సి. 4" అని యున్న నాల్గవది. పిదప బోర్డు వివరపుస్తకమున ఏ తరము, ఎన్ని స్లాటులు, మొత్తము ఎన్ని జీబీలవరకు భరించును అను మూడు సంగతులు చూడుడు. ప్రాసెసరు పేరును బట్టి ఊహింపరాదు. 2021లో వచ్చిన ఇంటెల్ పండ్రెండవ తరపు ప్రాసెసరులకు డి.డి.ఆర్. 4 బోర్డులును కలవు, 5 బోర్డులును కలవు. వేగములో కొంచెము భేదమున్నచో భయము లేదు. ఒకే తరపు పలకలు సాధారణముగ తక్కువ వేగముననే కలిసి నడచును.

ఇంకొక మోసము కలదు. పెద్ద సర్వరులనుండి విప్పిన "రిజిస్టర్డు" ర్యాము చౌకగా దొరకును. మూడు, నాలుగు తరములలో నది మామూలు స్లాటున చక్కగా దిగును. కాని సామాన్యపు బోర్డుపై యంత్రము మేల్కొనదు. ఇరుసు ఎంత గట్టిదైనను చక్రమునకు సరిపడకున్న బండి కదలునా?

ఊరి సొమ్మును చేతబట్టిన పెద్దలు నావలె సభలో తల వంచుకొన నక్కర లేకుండుగాక. చీటీ చదువుటకు రెండు నిమిషములు చాలును.