మెస్సుకు విజ్ఞానకోశములో చోటు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. పగలు పార్సిళ్ళకు రసీదులు వ్రాయుట, రాత్రి తీరిక దొరికినప్పుడు తెలుగు వికీపీడియాలో తప్పులు దిద్దుట మా వ్యాపకములు. ఈ రెండవ పని వలన మాకు వచ్చిన ఒక చిక్కును మీ ముందు పెట్టుటకే ఈ నాలుగు మాటలు.

మేము అన్నగారని పిలిచే పెద్దమనిషి ఒకరు ఈ ఊరిలో చిన్న ఆంధ్రా మెస్సు నడుపుచున్నారు. ఎనిమిది బల్లలు, అరిటాకు, పప్పు, గోంగూర, కారప్పొడి. మేము బెంగుళూరుకు బదిలీపై వచ్చిన కొత్తలో చేతిలో డబ్బులేక తటపటాయించుచుండగా, “జీతం వచ్చాక చూద్దాంలే, ముందు తిను తమ్ముడూ” అని ఖాతా పెట్టి అన్నము పెట్టినవారు. ఆయన ఒకనాడు మమ్ము పిలిచి, “మన మెస్సు గురించి వికీపీడియాలో ఒక పేజీ వ్రాయవయ్యా. ఎవడో ఫోను చేసి, డబ్బిస్తే పెట్టిస్తానంటున్నాడు. నువ్వుండగా వాడికెందుకు ఇవ్వాలి?” అన్నారు. అన్నము పెట్టిన చేయి అడిగినప్పుడు కాదనుట ఎంత కష్టమో మీరెరుగుదురు.

వికీపీడియా 2001లో ఆంగ్లమున మొదలైనది. తెలుగులో 2003 డిసెంబరు 10న ఆరంభమైనది. ఎవరైనను వ్రాయవచ్చును. అయితే, ఏది పడిన అది వ్రాయవచ్చునని అర్థము కాదు. మా ఆఫీసు భాషలో చెప్పవలెనన్న, వోచరు లేని పద్దు రిజిస్టరుకెక్కదు. ఒక వ్యాపారసంస్థకు వ్యాసము ఉండవలెనన్న, ఆ సంస్థతో సంబంధములేనివారు, నమ్మదగిన పత్రికలలోనో గ్రంథములలోనో, పేరు తలచి వదలక విపులముగా వ్రాసి ఉండవలెను. అట్టి వ్రాత ఒక్కటి చాలదు, కొన్ని కావలెను. సంస్థ పెద్దదా చిన్నదా అన్నది ప్రశ్న కాదు. లాభమెంత అన్నదీ కాదు.

మన ఊరిలోనే చూడుడు. 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్, 1943లో గాంధీబజారులో వెలసిన విద్యార్థి భవన్, రెండును ఫలహారశాలలే. ఆంగ్ల వికీపీడియాలో రెండింటికిని వ్యాసములున్నవి. వారి దోసె రుచి చూచి ఇచ్చిన చోటు కాదది. వాటి గురించి ఏండ్ల తరబడి ఇతరులు వ్రాసినారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యమునకు కొరత వచ్చినప్పుడు రవ్వ ఇడ్లీని తామే కనిపెట్టితిమని మావళ్ళివారు చెప్పుదురు. అట్టిదానిని కూడ “అని వారు చెప్పుదురు” అనియే వ్రాయవలెను గాని, మనము తీర్పు చెప్పరాదు.

ఇంకొక ముచ్చట. 2007లో వికీపీడియా స్థాపకులలో ఒకరైన జిమ్మీ వేల్స్, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ చెంతనున్న గుగులేతులోని మ్జోలీస్ అను మాంసపు దుకాణము గురించి చిన్న వ్యాసము పెట్టినారు. అరగంట గడువకముందే ఒక నిర్వాహకుడు దానిని తొలగించినాడు. స్థాపకుడని మొగమాటపడలేదు. తరువాత చాల వాదము నడిచినది. ఇతరులు వ్రాసిన ఆధారములు వెదకి చేర్చిన మీదట వ్యాసము నిలిచినది. నిలిపినది వ్రాసినవాని పేరు కాదు, ఆధారము.

ఇక అన్నగారి సంచి విప్పితిమి. మన సంచికలలో వేయించిన ప్రకటనలు, ఒక పత్రికలో సొమ్ము కట్టి వేయించిన పొగడ్త, రుసుము చెల్లించి తెచ్చుకొన్న ఒక బిరుదు పత్రము, ఒక సినిమా నటుడు భోజనము చేయుచున్న ఫోటో. మొదటి మూడును సొంత డబ్బా. నాలుగవదాని సంగతి, గొప్పవాడు తిన్నంత మాత్రాన విస్తరి గొప్పది కాదు. రెండు ఆదివారములు గ్రంథాలయములో పాత పత్రికలు తిరుగవేసితిమి. ఒక్క పేరా దొరకలేదు. పైగా మేము ఆయన ఉప్పు తిన్నవారము. ఆధారమున్నను, ఆ వ్యాసము వ్రాయుటకు తగినవారము మేము కాము.

ఉన్నమాట చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. “ముప్పై ఏండ్లు వండితిని. నా బ్రతుకు ఒక పేజీకి చాలదంటావా?” అన్నారు. మాకు సమాధానము తోచలేదు. సొమ్ము మాత్రము ఆ ఫోనువానికి ఇవ్వవద్దని బ్రతిమాలితిమి. 2015 ఆగస్టులో ఆంగ్ల వికీపీడియావారు ఇట్టి మోసపు ముఠాకు చెందిన 381 ఖాతాలను నిషేధించి, 210 వ్యాసములు తొలగించినారు. తిరస్కరింపబడిన వ్యాసములను చూచి, చిన్న వ్యాపారుల వద్దకు పోయి, ముందు పేజీ పెట్టుటకు, పిదప దానిని కాపాడుటకు నెలనెలా సొమ్ము అడిగిరట. ఈ సంగతి విని ఆయన ఆగినారు. మాతో మాటాడుటయు కొన్నాళ్ళు ఆపినారు.

ఆ కొన్నాళ్ళలో మేము ఆలోచించినది ఇది. ఆ పేజీ బిరుదు కాదు. లేకపోవుట అవమానమును కాదు. లోకము ఇదివరకే వ్రాసినదానికి అది నకలు మాత్రమే. లోకము వ్రాయకపోయినచో ఆ లోపము వండినవానిది కాదు, తిని లేచిపోయిన మనది. ఊరు కాని ఊరిలో మనవారికి అన్నము పెట్టిన మెస్సులెన్ని! ఎవరు ఎప్పుడు తెరచిరి, బియ్యమెచ్చటినుండి తెచ్చిరి, భోజనము వెల ఏ ఏట ఎంత, ఎవరు వ్రాసి ఉంచిరి? మన సంచికలో ప్రకటనలకు పుటలున్నవి గాని, ఈ చరిత్రకు ఒక్క పుట లేదు.

అందువలన కార్యవర్గమువారికి మా విన్నపము. పాత బిల్లులు, లైసెన్సులు, ఫోటోలు పారవేయకుడని సభ్యులకు చెప్పుడు. చదువుకొన్న పిల్లలచేత పెద్దల మాటలు వ్రాయించుడు. మన సంచికలో మనవారి గురించి వ్రాసినది స్వతంత్ర సాక్ష్యము కాజాలదు. కాని రేపు పత్రికలవారో పరిశోధకులో వచ్చినప్పుడు వారికి దారి చూపును. వారు శోధించి వ్రాసిన నాడు వ్యాసమునకు పునాది పడును.

మొన్న అన్నగారే కబురు పెట్టినారు. వెళ్ళి, ఆయన అనుమతితో అరిటాకు భోజనమును ఫోటో తీసి వికీమీడియా కామన్స్‌లో ఉంచితిమి. అచ్చట బొమ్మ నలుగురికి తెలివినిచ్చునదైన చాలును, హోటలుకు ప్రసిద్ధి అక్కరలేదు. చూచి, “పప్పు బాగానే పడిందిలే” అన్నారు. కోపము పూర్తిగా పోయినదని చెప్పజాలము. నేడు వెనుక వరుసలో కూర్చున్నారు. సభ ముగిసిన పిదప పచ్చడి వడ్డించునదియు వారే. అందరును రుచి చూడుడు. పెట్టిన చేతిని మరువకుడు.

సెలవు.