ఉపకథ తెచ్చిన చిక్కు
(తిరువొత్తియూరులో సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



కిందటి ఉగాదికి మన పిల్లలు వేసిన హాస్యనాటిక చివర ఎందుకు నవ్వు రాలేదని మీలో పలువురు మమ్ము అడిగినారు. రాసినది మేమే గనుక సమాధానం చెప్పవలసినవారమూ మేమే.

జెమినీ టెలివిజనులో 2001 మొదలు 2007 వరకు వచ్చిన గుణ్ణం గంగరాజు గారి ‘అమృతం’ మీకు తెలిసినదే. మన పిల్లల్లో చాలామంది పుట్టకముందే అది ముగిసినా, నేడు వారు ఫోనులలో చూచి ఆంజనేయులు మాటలు అప్పజెప్పుతూ వుంటారు. బడిలో తెలుగు అక్షరం ఎరుగని పిల్లలకు తెలుగు వాక్యం నోటబట్టేది ఇటువంటి చోటనే. అందుచేత అందులో నవ్వు ఎట్లా పుడుతుందో విచారించడం వట్టి కాలక్షేపం కాదు.

అరగంటలో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల పైమాట. అంతలోనే అమృతరావు, ఆంజనేయులు ఒక పిచ్చి ఉపాయం పన్నుతారు. దానిని కప్పిపుచ్చడానికి ఒక అబద్ధం, దానికి మరొకటి. ఇంటి యజమాని అప్పాజీ వచ్చేసరికి మన ప్రాణం గొంతులోకి వస్తుంది. ఆ బిగువు తెగినప్పుడే నవ్వు. నడుమ ఈ ఉపాయంతో నిమిత్తం లేని మరొక తగాదా తెచ్చి ఐదు నిమిషాలు నడిపితే, విడిగా అదెంత చమత్కారంగా వున్నా, కాగుతున్న పాలు దించి పక్కన పెట్టినట్లే. ఏ హాస్య ధారావాహికలోనైనా మాకు పేలవంగా తోచిన భాగాలు చాలావరకు ఇటువంటివే.

మేము చేసినదీ ఆ తప్పే. మనుమడు తెలుగు చదువుతాడని ఊళ్లో తాతగారికి గొప్పలు చెప్పినారు. తీరా ఆయన పండుగకు దిగి పంచాంగం చదవమనేసరికి, తెర వెనుక ఒక కుర్రవాణ్ణి దాచి మాట అందించే ఏర్పాటు. కథ ఇంతే, ఇరవై నిమిషాలకు చాలు. కాని వేషం దొరకని పిల్లలు ముగ్గురు మిగిలినారు. వారి తల్లులు అడిగినారు. ఏ తల్లి అడగదు గనుక? కాదనలేక, పక్క వాటా వారి గ్యాసు బండ పోట్లాట ఒకటి రాసి నడుమ అతికించినాము. ఏడు నిమిషాలు! ఆ ముగ్గురూ బాగానే ఆడినారు, జనం నవ్వినారు కూడా. అయితే తెర వెనుక ఒకడున్నాడన్న సంగతి అందరూ మరచినారు. వాడు నిరుటి పంచాంగం అందుకొని పాత సంవత్సరం పేరు చదవడం, తాతగారు తెర లాగడం – నాటికంతా ఆ ఘట్టం కోసమే – చప్పట్లు లేకుండా పోయినది. ఆ పిల్లవాడు తన ఉచ్చారణే తప్పినదనుకొని మేకప్పు గదిలో ఏడ్చినాడు. తప్పు మాదని ఆనాడే చెప్పవలసినది. చెప్పలేదు.

ఉపకథే కూడదని మా వాదం కాదు. ఇక్కడినుంచి బస్సు మారి పోగల వడపళనిలో విజయా వారు 1955లో తీసిన ‘మిస్సమ్మ’ చూడండి. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే రామారావు, సావిత్రిగార్లదే ప్రధాన కథ. డిటెక్టివునని తిరిగే నాగేశ్వరరావుగారి వేషం పైకి వట్టి హాస్యం. కాని జమీందారుగారి తప్పిపోయిన కుమార్తె ఈ మేరీయేనని తేల్చేది ఆయనే. ఆ వేషం తీసివేస్తే కథకు ముగింపే లేదు. తమిళంలో తంగవేలుగారు వేసినదీ ఆ వేషమే. ఇక ఆ కాలపు మరికొన్ని చిత్రాలలో హాస్యం విడిగా వండి తెచ్చినదే. ఆ రీళ్లు ఎత్తివేసినా ఎవరికీ తెలియదు.

మా గ్యాసు బండ ఆ రెండవ జాతిది. అలాగని ఆ ముగ్గురికీ చోటు లేకపోలేదు. బండ పొరపాటున ఈ ఇంటికే రావలె. పోట్లాట తాతగారి ఎదుటనే జరగవలె. పక్కింటి పిల్ల తెర వెనక్కి తొంగిచూచి “నువ్విక్కడ ఏం చేస్తున్నావురా?” అనవలె. అందించేవాడి నోరు మూతబడుతుంది, మనుమడు పంచాంగం మీద వేలు పెట్టి నీళ్లు నములుతాడు. పిల్లలు వారే, మాటలూ దాదాపు అవే.

అట్లా తిరగరాసి, నిరుడు ఏడ్చిన పిల్లవాడి ఇంటికి పోయినాము. “ఈసారి కూడా పోట్లాట వుందా మామయ్యా?” అని అడిగినాడు. వున్నది, నీ మీదికే వస్తుందని చెప్పినాము. కాగితాలు పుచ్చుకొని, వాళ్లమ్మ చేత చదివించుకొని ఏ సంగతీ చెబుతానన్నాడు.