ఫోన్‌లో పెట్టిన అంగడిని ఎట్ల సర్దాలి?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మార్కెటింగ్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, అప్పుల రికవరీ వివరాలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివింది. మాకు అప్పగించిన మాట ఒకటే. కొత్తగా తెరిచిన మన ఆన్‌లైన్ అంగడికి చూసేవాళ్లు వస్తాండారు, కొనేవాళ్లు తక్కువ. ఏం మారిస్తే కొంటారు అనేది చెప్పమన్నారు.

ఈ సంగతికి ఇంత టైము ఎందుకంటే, అంగడిలో ఉన్న సరుకు మన సంఘాలది. బుడ్డల పొడి, నువ్వుల పొడి, ఎల్లిపాయ కారం, ఎండు జొన్నరొట్టెలు. బుడ్డలు, నువ్వులు కొనేదానికి కొన్ని సంఘాలు బ్యాంకు లింకేజీ డబ్బు పెట్టినాయి, కొన్ని స్త్రీనిధి అప్పు తెచ్చినాయి. ఆర్డర్ వచ్చినా రాకపోయినా ఆ కంతు నెలనెలా కట్టాల్సిందే. పొడి కూడా ఊరికే కూర్చోదు. నూనెగింజల పొడి కదా, రోజులు గడిస్తే చమురు వాసన పట్టుకుంటుంది. కంతు తేదీకి, పొడి పాడయ్యే తేదీకి మధ్య ఉన్న ఆ కొన్ని వారాల్లోనే అమ్ముడుపోవాలి.

సరస్ మేళాల్లో, డ్వాక్రా బజార్లలో స్టాల్ పెట్టిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అక్కడ ఏం జరుగుతాదో గుర్తు తెచ్చుకోండి. కొనే ఆమె ప్యాకెట్ చేత్తో పట్టుకుని బరువు చూస్తాది. ఎప్పుడు చేసినారు అంటాది. కారం ఎక్కువ వేసినారా, పిల్లోళ్లు తింటారా అని అడుగుతాది. మనం జవాబు చెప్పుకుంటానే చిటికెడు పొడి ఆమె చేతిలో పెడతాం. నోట్లో వేసుకున్నాక సగం మంది కొంటారు. ఫోన్‌లో బరువు చూసేదానికి లేదు, వాసన లేదు, అడిగితే పలికే మనిషి లేదు. స్టాల్‌లో మన నోరు చేసే పని అక్కడ పేజీ చేయాల. డిజైన్ అనే మాటకు మేము తీసుకున్న అర్థం ఇంతే. రంగులు, పూల బార్డర్లు తర్వాత చూసుకుందాం.

అందుకని ఉపసంఘం వాళ్లం ఒక పని చేసినాం. బెంగళూరులో, హైదరాబాదులో కాపురముంటున్న మన మండలం ఆడబిడ్డలు పండక్కి వచ్చినప్పుడు ఐదుగురిని కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలోనే మన అంగడి తెరిచి ఒక ప్యాకెట్ కొనమన్నాం. పక్కన మన మనిషి ఉంటుంది గానీ సాయం చేయకూడదు, నోరు మెదపకూడదు. ఐదుగురేనా అని కొందరు నవ్వినారు. వెబ్‌సైట్లను పరీక్షించే విద్యలో పేరున్న జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000లోనే ఐదుగురితో చూస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని రాసినాడు. నోరు మెదపకుండా కూర్చునేదే కష్టం. "అదిగో, కిందుంది చూడమ్మా" అనేదానికి నాలుక దురద పెడుతుంది.

తెరవంగానే వాళ్లకు కనపడింది జ్యోతి ప్రజ్వలన ఫోటో. దాని కింద అభినందన సందేశం. పొడి ప్యాకెట్ కనపడాలంటే వేలితో మూడుసార్లు పైకి తోయాలి. ఇద్దరు అక్కడికే చాలనుకున్నారు. పేజీ కట్టిచ్చినోళ్ల దగ్గర ఉండే మూస అట్లాంటిది, ఏ సంస్థకైనా అదే ఇస్తారు. ఇప్పుడు మొదట పళ్లెంలో పోసిన బుడ్డల పొడి, పక్కన చెంచా, ప్యాకెట్ కనపడతాయి. చెంచా పెట్టేది సైజు తెలిసేదానికి. ఫోటో కింద బరువు, ధర. జ్యోతి వెలిగించిన ఫోటో 'మా గురించి' అనే పేజీలో భద్రంగా ఉంది, వేదిక మీది పెద్దలు ఏమీ అనుకోవద్దు.

తర్వాత పేర్ల సంగతి. మనకు ఇవి బుడ్డలు. అనంతపురం వైపు శెనక్కాయలు. హైదరాబాదులో పల్లీలు. కోస్తాలో వేరుశెనగ. హైదరాబాదు ఆమె పల్లీల పొడి అని వెతికితే బుడ్డల పొడి ఎట్ల దొరుకుతాది? అందుకే పైన మన పేరే ఉంచి, కింద వివరంలో నాలుగు పేర్లూ రాయాలి. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, కాబట్టి ఆ అక్షరాల్లో కూడా. ఎల్లిపాయకూ ఇదే వర్తిస్తాది, బయట వెల్లుల్లి అంటేనే తెలుస్తాది. బుడ్డలు అనే పేరు తీసేద్దామని ఒక సలహా వచ్చింది. మేము ఒప్పుకోలేదు. మన ఊరి నుంచి పోయినోళ్లు ఆ మాట చూసే ఆగుతారు.

ఎక్కువ బేరాలు పోయేది మాత్రం చివరి మెట్టులో, డబ్బు కట్టేచోట. ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. డెన్మార్క్‌లో బేమార్డ్ అనే పరిశోధన సంస్థ చాలా అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే, ఆన్‌లైన్‌లో బుట్ట నింపినోళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు కొనకుండానే పోతాండారు. అన్నిటికంటే పెద్ద కారణం, చివర్లో వచ్చిపడే అదనపు ఖర్చు. పొడి 120 రూపాయలు అనుకుందాం. అన్నీ నింపినాక కొరియర్ ఇంకో 70 అని కనపడితే ఎవరికైనా మోసపోయినట్టే అనిపిస్తాది. ఆ 70 ముందే పొడి ఫోటో పక్కనే కనపడితే, కొనాలో వద్దో అక్కడే తేల్చుకుంటారు. పార్సిల్ ఛార్జీ బరువు మెట్లను బట్టి ఉంటాది గాబట్టి రెండు ప్యాకెట్లు పంపితే ఖర్చు రెండింతలు కాదు. మూడు పొడులు కలిపి ఒక కట్టగా, కొరియర్‌తో సహా ఒకే ధరకు పెడదామని మా ప్రతిపాదన. ఒంటి ప్యాకెట్ కూడా ఉంటాది, కానీ ముందు కనపడేది కట్ట.

రెండోది రిజిస్ట్రేషన్. పేరు పెట్టు, పాస్‌వర్డ్ పెట్టు, ఈమెయిల్ ఇయ్యి అంటే మన ఐదుగురిలో ముగ్గురు ఫోన్ పక్కన పెట్టినారు. అమెరికాలో జేర్డ్ స్పూల్ అనే నిపుణుడు ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడి సంగతి రాసినాడు. అక్కడ 'రిజిస్టర్' అనే బటన్ తీసేసి 'కొనసాగించు' అని పెడితే కొనేవాళ్లు 45 శాతం పెరిగినారంట, ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అమ్మకం అదనంగా వచ్చిందంట. మనకు కోట్లు వద్దు గానీ ఆ బటన్ వద్దనేది మాత్రం మనకూ వర్తిస్తాది. పేరు, ఫోన్ నంబరు, చిరునామా, యూపీఐ. ఇంతకంటే అడిగేది లేదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేం. "ఇంకా రెండే మిగిలినాయి, త్వరపడండి" అని ఎర్రగా మెరిసేటట్టు పెడితే జనం కొంటారని ఒక పిల్లోడు చెప్పినాడు. గోడౌన్‌లో డబ్బాల నిండా ఉంచుకుని అట్ల రాస్తే అబద్ధమే. చట్టం కూడా ఒప్పుకోదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో వేయడం, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం నిషేధం అని ఉంది. మన పేజీలో అట్లాంటివి ఉండవు.

పేజీలో ఉండాల్సినవి కొన్ని చట్టప్రకారం తప్పవు. గరిష్ఠ ధర, నికర బరువు, తయారీదారు పేరు చిరునామా, ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది నంద్యాల జిల్లా. పాత లేబుళ్లలో కర్నూలు జిల్లా అని ఉన్నవి ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే వాడొద్దు. పేజీలో ఒక జిల్లా, ప్యాకెట్ మీద ఇంకో జిల్లా ఉంటే చూసేవాళ్లకు అనుమానం వస్తాది.

ఎవరు చేసినారనేది కూడా రాద్దాం. ఊరి పేరు, సంఘం పేరు, తయారుచేసిన తేదీ. ముఖం ఫోటో ఇష్టమున్నోళ్లదే పెడతాం. వద్దన్నోళ్లను బలవంతం చేయొద్దు, రోట్లో దంచే చేతుల ఫోటో చాలు.

కొందరు అక్కలు అడిగినారు, ప్యాపిలి పక్కనే 44వ జాతీయ రహదారి పోతాంది, బెంగళూరు, హైదరాబాదు కార్లన్నీ ఈడనే పోతాయి, రోడ్డు పక్కన స్టాల్ పెట్టకుండా ఫోన్ గొడవ ఎందుకు అని. న్యాయమైన మాట. మేము దాన్ని ఆన్‌లైన్ అంగడికి పోటీగా చూడటం లేదు. రుచి చూపించగలిగేది స్టాల్‌లోనే. కానీ అక్కడ కొన్న మనిషి పొడి అయిపోయినాక మళ్లీ ప్యాపిలి దాకా రాదు. అందుకని ప్రతి ప్యాకెట్ వెనక స్కాన్ చేసే గుర్తు అతికించాలి. స్కాన్ చేస్తే మొదటి పేజీ కాకుండా అదే పొడి పేజీ తెరుచుకోవాలి. మొదటిసారి స్టాల్‌లో, రెండోసారి ఫోన్‌లో. మా అంచనాలో ఎక్కువ అమ్మకం ఈ దారిలోనే వస్తాది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వాళ్ల ఈ-సరస్, ఇంకా ఓఎన్‌డీసీ లాంటి వేదికల్లోకి కూడా పోదాం. యాడికి పోయినా ఫోటోలు, రాత మనం ఇచ్చేవే కాబట్టి ముందు ఇవి సరిచేసుకుంటే అన్నిచోట్లా పనికొస్తాయి.

మార్పులన్నీ ఒకేసారి చేయం. ఈ నెల కొరియర్ ధర ముందుకు తెస్తాం, రిజిస్ట్రేషన్ పైనెల తీసేస్తాం. ఎంతమంది చూసినారు, ఎంతమంది కొన్నారు అని బుక్‌కీపర్ వారం వారం రాసి గ్రామ సంఘాల సమావేశంలో చదువుతాది. అంగడి ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లకు జవాబు ఇచ్చేదానికి వంతులు వేసినాం, పేర్ల కాగితం గోడకు అంటించింది చూసుకోండి.

గ్రామ సంఘాల నుంచి వచ్చే మాసం కొత్తగా దంచిన పొడి ఒక్కొక్క ప్యాకెట్ తెండి. ఫోటోలు దించేది సమాఖ్య ఆఫీసు వరండాలో, పొద్దున తొమ్మిదిలోపల. ఎండ ఎక్కితే పొడి రంగు తేలిపోతుంది. పళ్లెం స్టీలుది వద్దు, మెరుపు కొడుతుంది. మోదుగాకు విస్తరి గానీ చాట గానీ తెచ్చుకోండి.