మీరు రాసింది చదివి మరొకరు చేయగలగాలి

ఈ రోజు పట్టాలు అందుకున్న రసాయన శాస్త్ర విద్యార్థులారా!

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో చదువుకున్నవాళ్లకు పరిశోధన కొత్త మాట కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, కంచన్‌బాగ్‌లో, 1963లో ఏర్పడిన డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. డీఎంఆర్‌ఎల్ అంటే మనకు చౌరస్తా పేరు. లోహాల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు మాత్రం అది పరిశోధన పత్రాల మీద చదివే చిరునామా. నగరానికి ఆ వైపున, తార్నాకలో, 1944లో మొదలైన పరిశోధన కేంద్రం ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)గా పనిచేస్తోంది. మీలో కొందరు రేపు ఆ గేట్లలోంచే లోపలికి వెళ్తారు. కొందరు ఫార్మా కంపెనీల ల్యాబుల్లో చేరతారు. ఇంకొందరు పాఠాలు చెబుతారు.

మీరు ఎక్కడికి వెళ్లినా పనికొచ్చే ఒక విషయం గురించే ఈ కాసేపూ మాట్లాడతాను. ప్రయోగశాలలో చేసిన పనిని పత్రంగా రాసి ఒక కెమిస్ట్రీ జర్నల్‌కు ఎలా పంపాలన్నదే ఆ విషయం. చాలామంది దీన్ని పరిశోధన అయిపోయాక మిగిలే గుమాస్తా పనిగా చూస్తారు. నా నమ్మకం వేరు. మీరు ఎన్నడూ చూడని మనిషికి మీరిచ్చే మాట పరిశోధన పత్రం. నేను చేసినట్టు చేస్తే నాకు వచ్చిందే నీకూ వస్తుందన్నదే ఆ మాట. పత్రంలోని ప్రతి అంకె, ప్రతి వాక్యం ఆ మాటను నిలబెట్టడానికే ఉండాలి.

ఇలా మాట నిలబెట్టుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు చెప్పగానే మందులు గుర్తుకొస్తాయి. వాటికంటే ముందు ఆయన పేరు ప్రపంచమంతా తిరిగింది ఒక కొలత పద్ధతితో. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో, భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి మీద ఆయన ఒక పత్రం ప్రచురించారు. ఆమ్లంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఆ పత్రంలో కొత్త సిద్ధాంతం ఏదీ లేదు. ఏది ఎంత కలపాలో, ఎప్పుడు కొలవాలో స్పష్టంగా ఉంది. అందుకే ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో ఆ పద్ధతి పనిచేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేలాది పత్రాలు దాన్ని ఉదహరించాయి. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. కండరాల నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు మామూలు వేగంతో రాలేదు, ఆలస్యంగా వచ్చింది. పద్ధతి మీద నమ్మకం లేనివాడైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవాడు. ఫిస్క్, సుబ్బారావు ఆ ఆలస్యాన్ని వదల్లేదు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే భాస్వర పదార్థం ఏదో అందులో ఉందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో దాన్ని ప్రకటించారు. 1929లో అదే పత్రికలో ఏటీపీ గురించి రాశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొని ప్రకటించారు. పత్రం అందిన తేదీని జర్నల్ ఎందుకు అచ్చువేస్తుందో ఈ ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. జాగ్రత్త ఎంత అవసరమో, పని పూర్తయ్యాక సొరుగులో పెట్టి కూర్చోకపోవడం కూడా అంతే అవసరం.

ఇప్పుడు మీ బెంచి దగ్గరికి వద్దాం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మీలో చాలామంది చాల్కోన్ చేసి ఉంటారు. బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్, ఇథనాల్, సోడియం హైడ్రాక్సైడ్. దాని గురించి రికార్డులో తరచూ కనబడే వాక్యం ఇది: 'తగినంత క్షారం కలిపి, గది ఉష్ణోగ్రత వద్ద రాత్రంతా కలియబెట్టాం.' ఈ వాక్యంలో పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. తగినంత అంటే ఎంత? రాత్రంతా అంటే పది గంటలా, పదహారు గంటలా? ఇక గది ఉష్ణోగ్రత. మే నెలలో ఏసీ లేని మన ల్యాబులో అది 38 డిగ్రీలు ఉండొచ్చు. చలిదేశంలో మీ పత్రం చదివేవాడి గదిలో 20 డిగ్రీలే ఉంటుంది. మీకు వచ్చిన దిగుబడి అతనికి రాదు. తప్పు ఎక్కడుందో తెలియక వారం రోజులు వెతుక్కుంటాడు, చివరికి మీ మాటే నమ్మడం మానేస్తాడు.

అందుకే డిగ్రీలు రాయండి, గంటలు రాయండి. ఎన్ని మిల్లీమోల్‌లు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది రాయండి. క్షారాన్ని ఒక్కసారే పోశారా, చుక్కచుక్కగా వేశారా చెప్పండి. చర్య అయిపోయిందని టీఎల్‌సీలో ఏ ద్రావణి మిశ్రమంతో చూశారో చెప్పండి. ఇథనాల్‌లో మళ్లీ స్ఫటికీకరిస్తే లేత పసుపు స్ఫటికాలు వస్తాయి, 55–57 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో ద్విబంధం మీది రెండు హైడ్రోజన్లకు సుమారు 15.7 హెర్ట్జ్ కప్లింగ్ కనబడితే అది ట్రాన్స్ రూపమని రుజువు. రంగు, ద్రవీభవన స్థానం, కప్లింగ్ విలువ, మాస్ స్పెక్ట్రం, అన్నీ ఒకే అణువు గురించి ఒకే సాక్ష్యం చెప్పాలి. దిగుబడి రాసేటప్పుడు శుద్ధి చేశాక తూకం వేసిందే రాయండి. మూడుసార్లు చేసి మూడు అంకెలు వస్తే, పెద్ద అంకె ఒక్కటే రాయడం అబద్ధం కిందే లెక్క.

ఆర్గానిక్ సింథసీస్ అనే ప్రచురణ 1921 నుంచి వస్తోంది. అందులో అచ్చయ్యే ప్రతి పద్ధతినీ సంపాదకవర్గ సభ్యుల్లో ఒకరి ప్రయోగశాలలో ముందుగా చేసి చూస్తారు. అక్కడ కూడా పనిచేస్తేనే వేస్తారు. మిగతా జర్నళ్లకు అంత వీలుండదు. అవి మీ మాట నమ్ముతాయి. కాబట్టి పంపే ముందు ఆ పరీక్ష మీరే పెట్టుకోవాలి.

ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రంలో 2.05, 4.12, 1.26 పీపీఎం దగ్గర చిన్న పీక్‌లు కనబడ్డాయనుకోండి. అవి కాలమ్‌లో వాడిన ఇథైల్ అసిటేట్‌వి. ఇంకోసారి ఆరబెట్టి మళ్లీ తీయించండి. వీలుకాకపోతే దాని పేరు రాసి గుర్తుపెట్టండి. కంప్యూటర్‌లో మాత్రం చెరపకండి. 2013లో ఆర్గానిక్ లెటర్స్ ప్రధాన సంపాదకుడు ఏమస్ స్మిత్ ఈ విషయం మీదే సంపాదకీయం రాశారు. మలినాల పీక్‌లు తీసేసిన స్పెక్ట్రాలు తమకు వస్తున్నాయని, వాటిని పరీక్షించడానికి ప్రత్యేకంగా ఒక విశ్లేషకుణ్ని పెట్టుకున్నామని చెప్పారు. ఉన్న మలినాన్ని ఉన్నట్టు చూపిస్తే పోయేదేమీ లేదు, చెరిపితే పరువే పోతుంది.

మన నేల మీద జరిగిన ఒక బాధాకరమైన సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసిన రసాయన శాస్త్ర ఆచార్యుడొకరు 2004–2007 మధ్య అంతర్జాతీయ జర్నళ్లలో ప్రచురించిన 70కి పైగా పత్రాల్లో కాపీ, కల్పన ఉన్నాయని 2008లో బయటపడింది. ఆ వార్త వచ్చాక మన ప్రాంతం చిరునామాతో వెళ్లే నిజాయితీ పత్రం కూడా అనుమానపు చూపును ఎదుర్కోవాల్సి వచ్చింది. ఒకరి అబద్ధానికి ఆ ఊరి పిల్లలందరూ మూల్యం చెల్లిస్తారు. థీసిస్‌లలో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదని 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు చెబుతాయి. ఆ 10 శాతాన్ని అనుమతిగా చదవకండి. సాఫ్ట్‌వేర్ వాక్యాలను పోల్చగలదు కానీ, అంకెలు మీ బీకరులోంచి వచ్చాయో లేదో అది చెప్పలేదు. అది మీకే తెలుసు.

పత్రం సిద్ధమైంది. ఎక్కడికి పంపాలి? ముందు మీ రిఫరెన్సుల జాబితా చూసుకోండి. మీరు ఎవరి పనిని ఆధారం చేసుకున్నారో వాళ్లు ప్రచురించిన జర్నలే మీ పాఠకులున్న చోటు. మన దేశపు జర్నళ్లను చిన్నచూపు చూడకండి. 1934లో సి.వి. రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలోనే వాల్తేరు నుంచి టి.ఆర్. శేషాద్రి, ఆయన విద్యార్థులు పత్తిపూల వర్ణకాల మీద వరుసగా పత్రాలు ప్రచురించారు. ఆ శేషాద్రి తర్వాత 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆ పరంపరలోదే నేటి జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్.

డబ్బు కడితే వారంలో వేసేస్తామని మెయిల్ వస్తే జాగ్రత్తపడండి. హైదరాబాద్ నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ సమీక్ష పేరుతో పరిశోధకులను మోసగించిందని, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. జర్నల్ సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారా, అందులో అచ్చయిన పత్రాలకు నాణ్యత ఉందా అన్నది చదివి తేల్చుకోండి. థీసిస్ ఇచ్చే ముందు పత్రం అచ్చయి తీరాలన్న నియమాన్ని 2022లో యూజీసీ తీసేసింది. కాబట్టి భయంతో తొందరపడి ఎక్కడో ఒకచోట వేయించుకోవాల్సిన అవసరం లేదు. మంచి జర్నళ్లు చదివే దారి కూడా పెరిగింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 2025 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. చదవకుండా రాయకండి.

పంపే రోజు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సంపాదకుడికి రాసే ఉత్తరం అరపేజీ చాలు. కనుగొన్నదేమిటి, అది ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు కావాలి, ఇంకెక్కడికీ పంపలేదు అన్న మూడు ముక్కలు అందులో ఉండాలి. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం తప్పు. స్ఫటిక నిర్మాణం ఉంటే ఆ ఫైలును కేంబ్రిడ్జ్ డేటా సెంటర్‌లో ముందే జమ చేయండి. రచయితల పేర్లు, వరుస అందరూ కూర్చుని తేల్చుకోండి. రచయితగా పేరు సన్మాన సభలో కప్పే శాలువా కాదు. పనిచేసినవాళ్లకే అది దక్కాలి. పనిచేసిన జూనియర్ పేరు మర్చిపోవడం, పనిచేయని పెద్దల పేరు చేర్చడం రెండూ అన్యాయమే. ఎన్‌ఎంఆర్ తీసిపెట్టిన టెక్నీషియన్‌కు కృతజ్ఞత చెప్పండి. కృత్రిమ మేధతో భాష దిద్దుకుంటే ఆ మాట జర్నల్‌కు చెప్పండి. ఆ పరికరం రచయిత కాలేదు, దాని తప్పుకు జవాబు చెప్పాల్సింది మీరే.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మీరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రాన్ని ఉర్దూలోనే బోధించింది. ఆలోచన ఏ భాషలో మొదలైనా ఫరవాలేదు. సంపాదకుడికి అలంకారాలు అక్కర్లేదు. ఒక వాక్యంలో ఒక విషయం చెప్పండి. ఏం చేశారు, ఏం చూశారు, దాని అర్థం ఏమిటి అన్న వరుసలో రాయండి. చిన్న వాక్యంలో తప్పు దొర్లే అవకాశం తక్కువ.

కొన్ని వారాలకు సమీక్షకుల మాట వస్తుంది. ఇద్దరో ముగ్గురో పేరు చెప్పని నిపుణులు మీ పత్రాన్ని ముక్కముక్కగా పరీక్షించి ఉంటారు. మొదటిసారి చదివినప్పుడు గుండె జారుతుంది. ఆ రోజు జవాబు రాయకండి. రెండు రోజులాగి ప్రతి అభ్యంతరాన్నీ వరుసగా రాసుకుని, దాని కింద మీ జవాబు రాయండి. వాళ్లు అడిగింది సబబైతే ఆ ప్రయోగం చేయండి. పొరబడితే ఆధారంతో, మర్యాదగా చెప్పండి. జీతం లేకుండా మీ పని మీద సాయంత్రాలు గడిపినవాళ్లు శత్రువులు కాదు. తిరస్కరిస్తే వాళ్లు చూపిన లోపాలు సరిదిద్ది మరో జర్నల్‌కు పంపండి. తిరస్కారం ఆ పత్రం మీద వచ్చిన తీర్పే. మీ బతుకు మీద కాదు.

పరిశోధనలోకి వెళ్లనివాళ్లకూ ఇదే చెబుతున్నాను. జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో క్వాలిటీ కంట్రోల్‌లో చేరితే మీరు నింపే బ్యాచ్ రికార్డు కూడా ఇలాంటి మాటే. అక్కడ దిద్దిన ఒక అంకె ఎవరి ఒంట్లోకో మాత్రగా వెళ్తుంది. తరగతి గదిలో నిలబడితే, ప్రయోగంలో వచ్చిన అంకెనే రికార్డులో రాయమని పిల్లలకు నేర్పండి. పుస్తకంలో ఉన్న అంకె వేసినవాడికి మార్కులివ్వడం మానండి. మంచి పత్రాలు పుట్టేది అక్కడే.

ఇప్పుడు మీకొక పని అప్పగిస్తున్నాను. ఈ వారమే మీ ప్రాజెక్టు రిపోర్టు తీయండి. అందులోంచి ఒక ప్రయోగం ఎంచి, ఆ పేజీ మీ జూనియర్ ఒకరికి ఇచ్చి, అధ్యాపకుల పర్యవేక్షణలో చేయమనండి. మీరు పక్కన నిలబడి ఒక్క మాటా చెప్పకండి. ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే అక్కడ మీ రాతలో లోపం ఉంది. దాన్ని దిద్దండి. ఆ జూనియర్ అడగకుండా పూర్తి చేసిన రోజు, మీ పత్రం ఏ దేశానికైనా వెళ్లడానికి సిద్ధమైనట్టే.

సంతోష్‌నగర్ నుంచి వచ్చిన ఫలితం నమ్మదగిందని ప్రపంచం అనాలి. ఆ పేరు తెచ్చే శక్తి మీకుంది.