చేపల తొట్టి: మందు కన్నా ముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సైన్సు గదిలో ఒక చేపల తొట్టి పెట్టాలని మన సంఘం అనుకుంది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తొట్టి కొనడం సులభం. అందులో చేపలు మొదటి నెల దాటడమే కష్టం.

చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. కర్నూలు నుంచో హైదరాబాదు నుంచో కవర్లో చేపలు తెస్తాం. ఆ రోజే తొట్టిలో వదిలేస్తాం. వారం తిరిగేసరికి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, మేత ముట్టదు. అంగడికి పోయి ఏదో మందు తెచ్చి నాలుగు చుక్కలు వేస్తాం. తెల్ల చుక్కలు రాలిపోతాయి. తగ్గిందనుకుని ఊరుకుంటాం. కొన్నాళ్లకే మళ్లీ అంతకు పదింతలు వస్తాయి. ఒక పొద్దున చూస్తే చేపలు వెల్లకిలా తేలి ఉంటాయి.

చుక్కలు రాలిపోయింది మందు వల్ల కాదు. అది ఆ పురుగు బతుకులో ఒక మజిలీ. పురుగు అంటున్నాను గానీ అది ఏకకణ జీవి. పేరు ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. ఆ పేరుకు అర్థం బోలెడంత సంతానం గల చేప పేను అని. పేరుకు తగ్గదే. చేప చర్మం కింద దూరి, మేసి, బలిసి తెల్ల చుక్కగా కనిపిస్తుంది. తర్వాత చేపను వదిలి అడుగున రాళ్ల మీద పడి, చుట్టూ గూడు కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో దొరక్కపోతే చచ్చిపోతాయి.

చర్మం కింద ఉన్నప్పుడు మామూలు మందు దానికి తగలదు. గూట్లో ఉన్నప్పుడూ తగలదు. ఈదుతున్నప్పుడే అది మనకు దొరికేది. కాబట్టి ఒక రోజు మందు వేసి ఊరుకుంటే లాభం లేదు. గూళ్లన్నీ పగిలి, చివరి పిల్ల బయటికొచ్చే దాకా వైద్యం సాగాలి.

25 డిగ్రీల నీటిలో ఈ చక్రం సుమారు వారంలో తిరుగుతుంది. చలి పెరిగితే వారాలు పడుతుంది. నీరు 30 డిగ్రీలకు చేరితే ఆ పురుగుకే కష్టం. మన ఎండాకాలంలో ఈ జబ్బు అంతగా కనిపించక, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న తొట్టి నీరు చల్లబడినప్పుడు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

వైద్యం చెబుతాను. హీటరుతో నీటిని ఒక్కో డిగ్రీ చొప్పున నిదానంగా 30 దాకా తేవాలి. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, కాబట్టి ఎయిర్ పంపు ఆపకూడదు. గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీలకైతే లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు చాలు. 50 లీటర్ల తొట్టికి 100 గ్రాములు. ఒకేసారి కుమ్మరించకుండా, కరిగించి, ఒక రోజంతా కొద్దికొద్దిగా పోయాలి. పొలుసులు లేని చేపలు ఉప్పుకు తట్టుకోలేవు, వాటికి తగ్గించాలి. రోజు విడిచి రోజు గొట్టంతో అడుగు నీరు నాలుగో వంతు లాగేయాలి. గూళ్లు ఉండేది అక్కడే. తీసిన నీటికి సరిపడా ఉప్పు కలిపిన నీరే మళ్లీ పోయాలి. చివరి చుక్క పోయిన తర్వాత కూడా మరో వారం ఇలాగే చేయాలి.

కంటికి కనిపించే పరాన్నజీవులు ఇంకో రెండున్నాయి. బిళ్లలా అంటుకుని పాకేది చేప పేను, ఆర్గులస్. దారప్పోగులా వేలాడేది లంగరు పురుగు. దాని తల చేప కండలో దిగి ఉంటుంది. వీటిని తడి గుడ్డలో చేపను పట్టుకుని పట్టకారుతో తీయాలి. పేను గుడ్లు చేప మీద పెట్టదు, గాజుకు, రాళ్లకు అంటిస్తుంది. తొట్టి ఖాళీ చేసి రాళ్లను మన ఎండలో ఆరబెడితే గుడ్లు చస్తాయి. ఈ గుణం తెలిసినందుకే చేపల చెరువుల్లో వెదురు తడికలు దించి, గుడ్లు పెట్టాక పైకి తీసి ఎండబెట్టే పద్ధతి వచ్చింది. మొప్పల్లో చేరే పురుగులు మాత్రం కంటికి కనబడవు. వాటికి ఊహించి మందు వేయవద్దు, పశువైద్యుణ్ణో మత్స్యశాఖ వారినో అడగండి.

పరాన్నజీవిని దాని దారిలోనే ఆపడం మన సీమకు కొత్త కాదు. నారి కురుపు ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దిగుడు బావి నీటిలోని సైక్లాప్స్ అనే చిన్న జీవితో పాటు కడుపులోకి పోయి, ఏడాది తర్వాత కాలు చీల్చుకుని మూరెడు పురుగు బయటికొచ్చేది. పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టించారు, దిగుడు బావులు మూయించారు, బోర్లు వేయించారు, కురుపున్నవాళ్లను బావిలోకి దిగనివ్వలేదు. 1996లో దేశంలో చివరి కేసు రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఆ వ్యాధి లేని దేశంగా ప్రకటించింది.

తొట్టికీ అదే సూత్రం. కొత్త చేపను మూడు వారాలు వేరే టబ్బులో ఉంచండి. దానికి వేరే వల, వేరే మగ్గు వాడండి. చెరువు నుంచి తెచ్చిన పురుగులను మేతగా వేయవద్దు, పేను వచ్చే దారుల్లో అదొకటి. మిగిలిన మేత కుళ్లనివ్వకండి. నీరు చెడితే చేప నీరసిస్తుంది, నీరసించిన చేపనే పురుగు గెలుస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జబ్బు చేసిన చేపను చంపలేక, పుణ్యమని సిద్ధాపురం చెరువులోనో శ్రీశైలం వెనక నీళ్లలోనో వదలకండి. లంగరు పురుగు దేశదేశాలకు పాకింది గోల్డ్ ఫిష్, కార్పు చేపల వెంటే. ఆ నీళ్ల మీద బతికే కుటుంబాల వలల్లో పడేది శీలావతి, బొచ్చె. అవీ ఆ కార్పు జాతివే.

కాబట్టి సంఘానికి నా విన్నపం. తొట్టితో పాటు ఒక టబ్బు, రెండు వలలు, ఒక థర్మామీటరు, ఒక నోటుబుక్కు కొనండి. రోజూ నీటి వేడి రాసే పని పిల్లలకే అప్పగించండి. తెల్ల చుక్క వస్తే అయ్యవార్లు దాన్ని నెమ్మదిగా గీకి మైక్రోస్కోపు కింద చూపించండి. గుండ్రంగా దొర్లే ఆ జీవి కడుపులో గుర్రపు లాడం ఆకారంలో కేంద్రకం కనబడుతుంది. పుస్తకంలోని బొమ్మ కన్నా అది వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. టబ్బు, వలల ఖర్చు మా బ్యాచి భరిస్తుంది.