ఎగువ నీరు - దిగువ రేవు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలానికి ముందు సంఘాలు చక్కబెట్టుకోవలసిన పనులను గురించి మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరారు. ఈ పనుల అవసరం తెలియజెప్పడానికి గ్రీసు దేశంలోని ఒక సముద్రతీర పట్టణాన్ని, దాని చుట్టూ ఉన్న పల్లెలను ఉదాహరణగా తీసుకుంటున్నాము. అంత దూరం ఎందుకని అడగవచ్చు. అదీ మన వంటి సహకార సీమే. అక్కడివారూ గొర్రెను, మేకను, ఆవును నమ్ముకొని బ్రతికేవారే.

ఆ పట్టణం పేరు వోలోస్. ఏథెన్సుకు ఉత్తరాన, పగసెటిక్ సింధుశాఖ ఒడ్డున ఉన్న రేవుపట్నం. దాని వెనుకనే పీలియాన్ పర్వతం 1,600 మీటర్లకు పైగా ఎత్తు లేచి ఉంటుంది. కొండకు ఆవలి వైపు, ఏజియన్ సముద్రం మీదికి చూస్తూ జగోరా అనే ఆపిల్ తోటల ఊరు ఉంది. ఈవలి వైపు థెస్సలీ మైదానం. గోధుమ, ప్రత్తి పండే విశాలమైన నేల అది.

థెస్సలీలో అధిక భాగం 1881లో గ్రీసు రాజ్యంలో కలిసింది. అప్పట్లో భూమి చాలావరకు పెద్ద భూస్వాముల చేతుల్లో ఉండేది. అటువంటి రోజుల్లో, 1900లో, వోలోస్‌కు నైరుతి దిక్కున ఉన్న ఆల్మిరోస్ రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆధునిక గ్రీసులో మొట్టమొదటి వ్యవసాయ సహకార సంఘంగా దానినే చెప్పుకుంటారు. ఆ దేశంలో సహకార చట్టం వచ్చింది 1915లో. మన దేశంలో 1904లో ముందు చట్టం వచ్చింది, దాని వెంట ఊరూరా సంఘాలు వచ్చాయి. ఆల్మిరోస్‌లో ముందు సంఘం, ఆ తరువాత చట్టం. జగోరా రైతులు 1916లో తమ సంఘం స్థాపించారు. అది నేటికీ సభ్యుల ఆపిల్ పండ్లను ఒకే పేరు మీద అమ్ముతున్నది.

ఇక పాల సంగతి. ఫెటా అనే తెల్లని జున్నుకు థెస్సలీ పేరు పొందింది. అందులో గొర్రె పాలు నూటికి 70 పాళ్ళకు తగ్గరాదు. మిగతాది మేక పాలు కావచ్చు. ఆవు పాలు కలపరాదు. ఉప్పునీటిలో ఉంచి, మొత్తం మీద రెండు నెలలైనా మాగనివ్వాలి. గ్రీసులో నిర్ణయించిన ప్రాంతాల మందల పాలతో చేసినదానికే ఆ పేరు చెల్లుతుందని 2002లో యూరపు నిబంధన వచ్చింది. ఇతర దేశాలు దావా వేసినా 2005లో అక్కడి న్యాయస్థానం ఆ హక్కును నిలబెట్టింది. ఇది రైతుకు గొప్ప రక్షణ. అయితే ఇందులో ఒక బాధ్యత కూడా ఉంది. మంద పోతే, పరదేశపు పాలు తెచ్చి ఆ లోటు పూడ్చుకునే వీలు లేదు. కనుక మందను కాపాడుకోవడమే ఆ పేరును కాపాడుకోవడం.

అటువంటి సీమ మీద 2023 సెప్టెంబరు మొదటి వారంలో డేనియల్ అనే తుఫాను వచ్చింది. జగోరాలో సెప్టెంబరు 5వ తేదీ ఒక్కనాడే 754 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మన అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే! పీలియాన్ కొండదారులు తెగిపోయాయి. వోలోస్‌లో వీధులు వాగులయ్యాయి. కొన్ని వారాల పాటు కొళాయి నీరు తాగడానికి పనికిరాలేదు. గ్రీసులో 17 మంది మరణించారు. థెస్సలీ మైదానంలో వేలకు వేలు గొర్రెలు, మేకలు, పశువులు కొట్టాలలోనే మునిగి చనిపోయాయి.

ఇక్కడ కర్లా సరస్సు కథ చెప్పుకోవాలి. వోలోస్‌కు వాయవ్యంగా, మైదానం అంచున పూర్వం పెద్ద సరస్సు ఉండేది. సాగుభూమి కోసమని, వరదల బాధ తప్పించాలని, 1962లో సొరంగం తవ్వి ఆ నీటిని సింధుశాఖలోకి వదిలి సరస్సును ఎండగట్టారు. చేపలు పట్టి బ్రతికేవారి జీవనాధారం పోయింది. బావులలో నీటిమట్టం దిగజారింది. దానితో ఈ శతాబ్దంలో మళ్ళీ కట్టలు పోసి, పూర్వపు సరస్సులో కొంత భాగాన్ని నింపారు. డేనియల్ వచ్చినప్పుడు సరస్సు ఆ కట్టలతో ఆగలేదు. తన పాత చోటంతా వెతుక్కుంటూ వచ్చి పొలాలను, పల్లెలను కప్పేసింది. ఏడాది తిరిగేసరికి, 2024 ఆగస్టు చివర, ఆ నీటితో కొట్టుకువచ్చిన మంచినీటి చేపలు ఉప్పునీట చచ్చి వోలోస్ రేవులో తేలాయి. వంద టన్నులకు పైగా ఎత్తిపోయవలసి వచ్చింది. వేసవి చివర, యాత్రికులు వచ్చే రోజుల్లో రేవంతా దుర్గంధం! ఎగువన వదిలిన నీరు దిగువవాడి వాకిట్లో తేలింది.

మిత్రులారా, ఇది మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పశువులు ఎలా పోయాయో పెద్దలకు జ్ఞాపకమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలలోకి రావడం అందరం చూశాము. వానను ఆపడం ఏ సంఘం వల్లా కాదు. కానీ వానకు ముందు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

పశుబీమా చేసిన ప్రతి పశువుకూ చెవిపోగు ఉండాలి. ఆ నంబరు సంఘం రిజిస్టరులో ఉండాలి. చెవిపోగు లేనిదే క్లెయిము రాదు. కళేబరమే కొట్టుకుపోయిన రైతుకు మీ రిజిస్టరు తప్ప సాక్ష్యం చెప్పే దిక్కుండదు. ఆ రిజిస్టరుకు ఒక నకలు వేరే ఊరిలో, ఎత్తైన చోట ఉంచండి. పాల సేకరణ కేంద్రం నేలమట్టానికి ఉంటే, పుస్తకాల పెట్టెను గూట్లోకి మార్చడానికి ఖర్చేమీ లేదు.

రెండవది, పశువులను తోలుకుపోయే మెరక ఏదో ఇప్పుడే నిర్ణయించి, సర్వసభ్య సమావేశంలో చెప్పండి. రాత్రివేళ నీరు వస్తే పలుపులు విప్పవలసింది ఎవరో కూడా పేర్లతో సహా రాసుకోండి.

మూడవది, ఎగువ ఊరి సంఘంతో మాట్లాడి ఉంచుకోండి. వాగు ఎక్కడ తెగితే ఎవరి గడ్డివాములు పోతాయో ఇద్దరికీ తెలుసు. ఒకరికొకరు కబురు చేసుకోవడం లేదు, అంతే. కర్లా నీరు ఎవరి ఊరి హద్దులోనూ ఆగలేదు కదా!

తనిఖీకి వచ్చినప్పుడు లాభనష్టాల పట్టికతో పాటు ఈ మూడింటినీ కూడా అడగబోతున్నామని మనవి చేస్తున్నాము. తప్పు పట్టడానికి కాదు. ఆల్మిరోస్ రైతులు చట్టం వచ్చేదాకా ఆగలేదు. మనం కూడా సర్క్యులరు వచ్చేదాకా ఆగనక్కరలేదు.