అప్పు ఎవరిది? పేరు ఎవరిది?

(పొదుపు సంఘాల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పు పుట్టడాన్ని మనం పరపతి అంటాం. నలుగురిలో మాట చెల్లడాన్నీ పరపతే అంటాం. ఊళ్ళో వడ్డీ వ్యాపారికి ఈ రెండూ ఒకటే. ఏ కులం, మొగుడేం చేస్తాడు, ఒంటిమీద బంగారమెంత - ఇవన్నీ చూసి గానీ డబ్బు తీసేవాడు కాదు. ఇప్పుడు బ్యాంకులు ముందుగా కంప్యూటర్లో ఒక చిట్టా చూస్తున్నాయి.

2005లో వచ్చిన రుణ సమాచార కంపెనీల చట్టం కింద నాలుగు కంపెనీలు ఈ చిట్టాలు నడుపుతున్నాయి. వాటిలో మనవాళ్ళ నోట నలిగే పేరు సిబిల్. అది వేసే మార్కులు 300 నుంచి 900 దాకా. వాయిదాలు సమయానికి కట్టారా, బాకీ ఇంకా ఎంత, ఈమధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగారు - ప్రధానంగా ఇవే లెక్క. పొదుపు ఖాతాలో దాచుకున్నది అందులోకి రాదు. వారం వడ్డీకి తెచ్చి పస్తుండి తీర్చిన అప్పూ రాదు.

పొలం భర్త పేరున ఉంటే పంట రుణం అతని పేరునే వస్తుంది. నాట్లూ కలుపూ ఆమెవి, తీర్చిన పేరు అతనిది. గాజులు ఆమెవి, కుదువ రసీదు అతనిది. జీవితమంతా అప్పులు తీర్చిన ఈ మనిషి తనకోసం బ్యాంకుకు వెళ్తే 'మీకు రుణ చరిత్ర లేదు' అంటారు. మొదటిసారి అడిగేవాళ్ళను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపవద్దని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. మేనేజరు ముందు ఈ సంగతి గట్టిగా అనండి.

చరిత్ర లేకపోవడం కన్నా, ఇంకొకరి చరిత్ర తన పేరున ఉండటం నాకు పెద్ద ప్రమాదంగా కనిపిస్తోంది. నేను మాట్లాడిన ఒకామెకు కుట్టుమిషను అప్పు రాలేదు. ఆరా తీస్తే మరిది ఆమె ఆధార్ మీద వాయిదాల్లో ఫోను కొని కట్టడం మానేశాడు. సంతకం ఆమెదే మరి! చిట్టాకు కావలసింది సంతకం చేసిన చెయ్యి. డబ్బు పట్టుకుపోయిన చెయ్యి కాదు. ఇంటి రుణంలో ఆడవాళ్ళ పేరుంటే కొన్ని బ్యాంకులు వడ్డీ కాస్త తగ్గిస్తాయి కదా, అందుకని భార్యను చేర్చుతారు. విడిపోయాక అతను కట్టకపోతే ఆమె మార్కులూ పడిపోతాయి. విడాకుల తీర్పు బ్యాంకు ఒప్పందాన్ని రద్దు చేయదు. హామీ సంతకమూ అంతే.

గృహహింస చట్టం వచ్చిందీ 2005లోనే. అందులో ఆర్థిక హింస స్పష్టంగా ఉంది. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు చట్టాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు. బెదిరించి చేయించిన అప్పు ఆర్థిక హింసేనని మనం ఫిర్యాదుల్లో రాయాలి, కోర్టుల్లో వాదించాలి.

ఇక చేయవలసిన పని. ఒక్కో కంపెనీ నుంచి ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవడం మన హక్కు. డబ్బులడిగే దళారీ అక్కర్లేదు. తప్పుంటే ఫిర్యాదు చేయండి. ముప్ఫై రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఇది 2024 నుంచి అమలులో ఉంది. కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది, అది మచ్చే. ఆ సంగతి వసూలుకొచ్చినవాడు చెప్పడు. సంఘం అప్పుల్లో సభ్యురాలివారీ వివరాలూ ఈ కంపెనీలకు చేరాలని 2016లోనే ఆదేశాలొచ్చాయి. కాబట్టి తీర్మానాల పుస్తకంలో ఎవరెంత తీసుకున్నారో, ఎవరెంత కట్టారో పేరుపేరునా రాయండి.

సలహా కేంద్రానికి వచ్చిన స్త్రీని రేషన్ కార్డు, పెళ్ళి ఫొటో, ఆస్పత్రి కాగితాలు అడుగుతాం. ఈ రిపోర్టూ తీయించండి. అయితే అది ఫోనుకొచ్చే ఓటీపీతో తెరుచుకుంటుంది. చాలామంది బ్యాంకులో ఇచ్చిన నెంబరు భర్తది. ముందుగా ఆమె పేరున ఒక సిమ్ము తీయించి, ఖాతాలో ఆ నెంబరు మార్పించండి.